సున్నుండలతో తీరని శీతకాలం

కార్తికం వెళ్ళి మార్గశిరం వస్తున్నదంటే మన ఇళ్ళలో ఒక సందడి మొదలవుతుంది. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పిల్లలకు సున్నుండలు, నువ్వుండలు, శొంఠిపొడి, నల్లకారం పొట్లాలు కట్టి, ఎవరో ఒకరు వెళ్తుంటే వారి పెట్టెలో సర్దిస్తాము. “చలిదేశం గదా తల్లీ, నేయి బాగా వేసికొని తిను” అని ఫోనులో చెబుతాము. సుమారు పదేళ్ళపాటు నేనూ మా అమ్మాయికి అదే చెప్పాను. వైద్యుణ్ణి కనుక శాస్త్రప్రమాణం కూడా జోడించి చెప్పాను. ఆ సలహా తప్పని ఒప్పుకొనడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

శాస్త్రంలో దోషం లేదు. హేమంతంలో బయటి చలి దేహోష్ణాన్ని లోపలికి అణచి ఉంచుతుంది; అందువల్ల జఠరాగ్ని ప్రబలమవుతుంది; దానికి తగిన ఇంధనం దొరకకపోతే అది రసధాతువునే దహిస్తుంది; కనుక గురువైన, స్నిగ్ధమైన, మధురమైన ఆహారం తీసికొనవలెనని చరకుడూ వాగ్భటుడూ చెప్పియున్నారు. అయితే ఆ ప్రకరణంలోనే మరికొన్ని మాటలున్నవి. తైలాభ్యంగం, వ్యాయామం, మితంగా ఎండ కాగడం. మనం సౌకర్యంగా నేతిని మాత్రం పట్టుకొని, ఎండనూ వ్యాయామాన్నీ విడిచిపెట్టాము. అంతకన్నా పెద్ద పొరపాటు, దేశాన్ని విచారించకపోవడం.

మాది కోనసీమ. చుట్టూ నీరు, చెట్లు, తేమ. శాస్త్ర పరిభాషలో ఆనూపదేశం. గురువుగారి ఇంట చదువుకొనే రోజులలో ఆయన నన్ను ఒకమారు అనంతపురం వైపు వెంటబెట్టుకొని వెళ్ళారు. అక్కడ ఒక రోగికి మా ఊళ్ళో ఇచ్చే కషాయాన్నే ఇవ్వబోగా నా చేయి పట్టుకొని ఆపి, “ఇది జాంగలదేశం. ముందు నేలను చూడు, తరువాత నాడిని చూడు” అన్నారు. అంతటి పాఠం విన్నవాణ్ణి, ఎన్నడూ చూడని నేలమీద ఉన్న కూతురికి పదేళ్ళు ఫోనులో ఋతుచర్య ఉపదేశించాను.

2024 నవంబరులో నేనూ మా ఇంటావిడా టొరంటో ప్రక్కనున్న మిస్సిస్సాగాకు వెళ్ళి, 2025 ఏప్రిల్ వరకు అక్కడ ఉన్నాము. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలను గంట వెనక్కు త్రిప్పుతారు. ఆనాటినుంచి పొద్దు ఒక్కసారిగా కుంగినట్లు అనిపిస్తుంది. డిసెంబరు చివరి వారాలలో సూర్యుడు ఉదయం 7:50 ప్రాంతంలో వచ్చి సాయంత్రం 4:45కే వెళ్ళిపోతాడు. అనగా పగలు 9 గంటలైనా నిండదు. మన వద్ద సంవత్సరంలోకెల్లా చిన్న పగలుకూడా సుమారు 11 గంటలుంటుంది. ఆ రోజులలో మధ్యాహ్నవేళ మనకు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తున ఉంటే, అక్కడ 23 డిగ్రీలు దాటడు. ఆ కొద్దిపాటి సూర్యుడైనా ప్రక్కనున్న ఒంటారియో సరస్సు మీదినుంచి వచ్చే మబ్బుల చాటున ఉంటాడు. ఆకాశం, రోడ్డు, ఉప్పు చల్లగా కరిగిన మంచు, అన్నీ ఒకటే బూడిదరంగు. మంచు అందంగా ఉంటుందని క్యాలెండర్లలో చూచి అనుకొనేవాణ్ణి. కురిసిన మొదటి పూట అందమే.

జనవరి నెల మూడవ వారంలో ఒక ఉదయం మా అమ్మాయి ఆఫీసుకు బయలుదేరుతూ, ఒక బూటు తొడుక్కొని, రెండవదానిని చేతిలో పట్టుకొని, గుమ్మం దగ్గరి మెట్టుమీద అట్లే కూర్చుండిపోయింది. “ఏమమ్మా?” అన్నాను. “ఏమీ లేదు నాన్నగారూ, కదలబుద్ధి కావడం లేదు” అన్నది. అల్లుడుగారు మెల్లగా చెప్పారు, ప్రతి సంవత్సరం ఈ నెలలలో ఇట్లే ఉంటుందనీ, మార్చి దాటితే తేరుకొంటుందనీ. పదేళ్ళుగా ఆమె ఫోనులో “బద్ధకంగా ఉంది నాన్నగారూ” అన్నప్పుడల్లా నేను నవ్వుతూ పెందలకడ లేవమని చెప్పేవాణ్ణి.

ఆ రాత్రి కూర్చొని లక్షణాలు వరుసగా వ్రాసికొన్నాను. దేహగౌరవం, అతినిద్ర, తంద్ర, తీపిమీద విపరీతమైన కోరిక, బరువు పెరగడం, దేనియందూ ఆసక్తి లేకపోవడం. కఫవృద్ధిని చదువుకొన్న ఏ విద్యార్థికైనా ఇవి కంఠస్థమే. అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు చెందిన నార్మన్ రోజెంథాల్, ఆయన సహచరులు 1984లో “ఋతుసంబంధమైన కుంగుబాటు” అని పేరుపెట్టి వర్ణించిన వ్యాధిలోనూ దాదాపు ఇవే లక్షణాలు: ఎక్కువ నిద్ర, పిండిపదార్థాలమీద తపన, బరువు పెరగడం, దిగులు. కఫం ఇంతగా పెరిగిన మనిషికి నేను పదేళ్ళుగా పంపుతున్నది మినుములు, బెల్లం, నేయి! శాస్త్రం తప్పలేదు. వైద్యుడు తప్పాడు.

ఆమె జఠరాగ్ని హేమంతంలోని జఠరాగ్ని కాదని అప్పుడు గ్రహించాను. బయట సున్నకు దిగువన 15 డిగ్రీలున్నా ఆమె ఇంటిలో 21, కారులో 22, ఆఫీసులో 22. చలి దేహాన్ని తాకేది రోజుకు పది నిమిషాలు. అణచి ఉంచే చలే లేనప్పుడు లోపలి అగ్ని ప్రజ్వరిల్లేదెట్లు? మరొక వింత ఏమిటంటే, బయటి గాలిలో శీతగుణమూ తేమా కలిసి కఫాన్ని పెంచుతుంటే, ఇంటిలోపలి గాలి ఎడారి గాలి. అతిశీతలమైన గాలి నీటి ఆవిరిని మోయలేదు. దానినే లోపలికి తెచ్చి వేడిచేస్తే పొడిబారిపోతుంది. చర్మం పగులుతుంది, ముక్కులో రక్తం చారలు కనబడతాయి, కీళ్ళు పట్టేస్తాయి. గడపకు ఇటు జాంగలం, అటు ఆనూపం. ఒక మనిషి రోజుకు పదిమార్లు రెండు దేశాల మధ్య తిరుగుతున్నాడన్నమాట. కనుక చర్మానికి స్నేహం కావలెను, కడుపుకు లాఘవం కావలెను. ఇంతకాలం నేను పైన వేయవలసిన నూనెను లోపల వేయించాను.

ఇక ఎండ సంగతి. దీనిని చెప్పుకొనడం నాకు కష్టంగా ఉన్నది. కొన్నేళ్ళ క్రిందట అక్కడి కుటుంబ వైద్యురాలు మా అమ్మాయికి విటమిన్ డి మాత్రలు వ్రాసి ఇచ్చినది. నన్నడిగితే, “సూర్యుణ్ణి కూడా సీసాలో పెట్టి అమ్ముతున్నారా? కిటికీ దగ్గర కూర్చో, చాలు” అని పరిహసించాను. తండ్రి మాట కనుక ఆమె మానివేసినది. బోస్టన్ నగరం, టొరంటో దాదాపు ఒకే అక్షాంశాల ప్రాంతంలో ఉన్నవి. 1988లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధనలో, బోస్టన్‌లో నవంబరునుంచి ఫిబ్రవరి వరకు ఎండలో చర్మం ఆ విటమిన్‌ను తయారుచేయలేదని తేల్చారు. ఇంకా ఉత్తరాన ఉన్న ఎడ్మంటన్‌లో అక్టోబరునుంచి మార్చి వరకు అదే స్థితి. దానికి కావలసిన కిరణాలు కిటికీ అద్దాన్ని దాటవు. మనవంటి చామనఛాయ చర్మానికి వేసవిలో సైతం తెల్లవారికంటె ఎక్కువసేపు ఎండ కావలెను. నా పరిహాసానికి ఆధారం ఒక్కటీ లేదు. రక్తపరీక్ష చేయిస్తే బాగా తక్కువగా వచ్చినది. నాకూ తక్కువే వచ్చినదనుకోండి. కోనసీమ ఎండలో పుట్టి పెరిగి, రోజంతా వైద్యశాల గదిలో కూర్చొనేవాడికి వేరే ఎట్లు వస్తుంది?

కెనడా ప్రభుత్వ ఆరోగ్యశాఖ 70 ఏళ్ళ వరకు రోజుకు 600 యూనిట్లు, ఆ పైబడినవారికి 800 యూనిట్లు కావలెనంటుంది. వైద్యుని సలహా లేకుండా 4000 దాటరాదంటుంది. మోతాదు వైద్యులే నిర్ణయించవలెను. ఆయుర్వేదాన్ని నమ్మినవారు ఈ మాత్ర వేసికొంటే వ్రతభంగమేమీ కాదు. శాస్త్రం ఎండను సేవించమన్నది. ఎండ లేనిచోట దాని ఫలమైనా దక్కించుకొనడం యుక్తి.

దిగులుకు మాత్రం ఆ మాత్ర చాలదు. దానికి కావలసినది కంటికి వెలుగు. 10,000 లక్సుల కాంతినిచ్చే దీపపు పెట్టె ముందు, నిద్ర లేచిన కొద్దిసేపటికి, అర్ధగంట కూర్చొనడం అక్కడి వైద్యులు చెప్పే చికిత్స. దీపాన్ని తేరిపార చూడనక్కరలేదు. ప్రక్కన పెట్టుకొని కాఫీ త్రాగవచ్చును. నేత్రవ్యాధులున్నవారు, ఉద్రేకమూ కుంగుబాటూ మార్చి మార్చి వచ్చే జబ్బున్నవారు మాత్రం వైద్యుణ్ణి అడిగి వాడవలెను. అమ్మాయికి ఆ దీపం, మధ్యాహ్నం భోజన విరామంలో ఇరవై నిమిషాల నడక, మాత్ర, రాత్రి అన్నానికి బదులు మిరియాల చారుతో తేలిక భోజనం ఏర్పాటు చేశాము. నేతిని రోజుకొక చెంచాకు దించాను. ఫిబ్రవరి చివరికి మునుపటి సంవత్సరాలకంటె మేలుగా ఉన్నదని అల్లుడుగారే అన్నారు. వీటిలో ఏది ఎంత పనిచేసినదో విడదీసి చెప్పలేను. రోగాన్ని పెంచే వాటిలో విషాదానిదే మొదటి స్థానమని చరకుడన్నాడు. కనుక, “బ్రదకాలనిపించడం లేదు” అనేంతవరకు పోయిన మనిషికి కషాయాలు కాచుతూ కాలయాపన చేయరాదు. ఆనాడే వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను.

ఇక్కడినుంచి వెళ్ళే పెద్దవారికి ప్రత్యేకంగా కొన్ని మాటలు. మధ్యాహ్నం భోజనం చేసి ఒంటిగంటకు నడుము వాలుస్తాము. నాలుగున్నరకు లేచేసరికి చీకటి. ఉన్న వెలుగులో సగం నిద్రలో పోతుంది. రాత్రి ఒంటిగంట వరకు ఇండియా టీవీ సీరియళ్ళు. నేనూ డిసెంబరంతా ఇదే చేసి, నాలుగు కిలోలు పెరిగి, సంధ్యావందనానికి లేవలేక మనుమరాలిచేత లేపించుకొన్నాను. గ్రీష్మంలో తప్ప పగటినిద్ర కూడదన్న నియమం అక్కడ మరింత గట్టిగా వర్తిస్తుంది. నడవడానికి రోడ్డుమీద మంచుగడ్డలుంటే పెద్ద దుకాణ సముదాయాలున్నవి; ఉదయంపూట అక్కడ మనవంటి ముసలివారు ఎందరో చుట్లు తిరుగుతుంటారు. టొరంటో నగరం నడిబొడ్డున భూమిక్రింద సుమారు 30 కిలోమీటర్ల నడకదారులే కలవు. భూగృహాలలో వెచ్చగా తిరగమన్న వాగ్భటుడు చూస్తే సంతోషించేవాడు.

ఆ వాగ్భటుడే నిప్పుకణికలతో కాచిన గదులనూ అగరు ధూపాన్నీ చెప్పాడు గదా అని, ఒక శనివారం నేను మూకుడులో బొగ్గులు రాజేసి సాంబ్రాణి వేశాను. పొగ గంట మ్రోగి ఇల్లంతా హడలిపోయినది. ప్రక్కింటివారుకూడా వచ్చారు. నవ్వులాట కాదు, గాలి చొరని ఆ ఇళ్ళలో బొగ్గుల కుంపటినుంచి పుట్టే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి మన పెంకుటిండ్లకే తగును.

2025 ఫిబ్రవరి మధ్యలో రోజుల వ్యవధిలో పెద్ద మంచుతుపానులు వచ్చి వాకిళ్ళు పూడిపోయినవి. అల్లుడుగారు ఇడ్లీలు తిని వెంటనే పార పట్టుకొని బయలుదేరగా ఆపవలసి వచ్చినది. వ్యాయామం శక్తిలో సగం వరకే, నుదుట చెమట పట్టేవరకే అన్నారు పెద్దలు. చలికి రక్తనాళాలు ముడుచుకొని ఉండగా, నిండు కడుపుతో తడిమంచు ఎత్తిపోయడం గుండెకు పెద్ద పరీక్ష. నలభై దాటిన, రోజంతా కుర్చీలో కూర్చొనే మనిషి ఆ పనిని నాలుగు విడతలుగా చేయవలెను, లేదా డబ్బిచ్చి చేయించుకొనవలెను. చలికి మొద్దుబారిన వ్రేళ్ళను నూనెతోగాని మంచుతోగాని రుద్దరాదు; గోరువెచ్చని నీటిలో ఉంచి వైద్యునికి చూపవలెను.

అభ్యంగం మాత్రం మన శాస్త్రం ఆ నగరానికి ఇవ్వగల ఉత్తమమైన కానుక అని నా అభిప్రాయం. వారానికి రెండుసార్లు గోరువెచ్చని నువ్వులనూనె, అర్ధగంట తరువాత స్నానం. రోజూ పడుకొనేముందు పాదాలకు, చిటికెనవ్రేలితో ముక్కు లోపలి అంచులకు కొద్దిగా. నూనె కాళ్ళతో స్నానపు తొట్టెలో జారితే తుంటి ఎముకకే మోసం కనుక, రబ్బరు చాప పరచుకొని దిగవలెను.

ఈ మార్గశిరంలో మా వియ్యంకులు అక్కడికి వెళ్తున్నారు. వారి పెట్టెలో మా ఇంటావిడ ఈసారి ఉలవలు, కందిపొడి, కరివేపాకు పొడి, ఒక సీసా గానుగ నువ్వులనూనె సర్దింది. అడుగున ఒక చిన్న డబ్బాలో సున్నుండలు కూడా ఉన్నవి. లెక్కపెట్టాను, పన్నెండు. ఏమీ అనలేదు.