ఎవరికీ చెప్పొద్దంటే...

2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి చెప్పిన సంగతులు విని పాలమూరు ఉలిక్కిపడింది. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి, డబ్బో భూమో రాయించుకుని, 2020 నుంచి 11 మందిని చంపాడన్నది అభియోగం. వనపర్తి జిల్లా నాగపూర్‌లో ఒకే ఇంట్లో నలుగురి చావు కూడా ఆ లెక్కలోదే. అప్పట్లో క్షుద్రపూజలేమోనని జనం గుసగుసలాడుకుని ఊరుకున్నారు. చివరికి భర్త జాడ తెలియడం లేదని ఒకామె ఠాణా మెట్లెక్కితే గుట్టు బయటపడింది.

ఈ నేల మీద నిధి మాట తేలిగ్గా చెల్లుతుంది. దేవరకొండ, రాచకొండ, కోయిలకొండ... గుట్ట మీద పాత కోట కనిపిస్తే చాలు, దాని కింద ఏ రాజు బంగారమో ఉందన్న కథ పుడుతుంది. బోరు ఎండి, వలస కూలీలను తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె బస్సెక్కే ఇంటికి ఆ కథ ఎంత తీపో వేరే చెప్పాలా? అందులోనే మరో కిటుకు ఉంది. భూమిలో దొరికిన నిధి సంగతి సర్కారుకు తెలపాలని ఎప్పటినుంచో చట్టం ఉంది. కాబట్టి తవ్వేవాడు తోడబుట్టినవాడితో కూడా నోరు విప్పడు. మోసం చేసేవాడికి కావలసిందీ అదే.

అరెస్టయిన మనిషికి మానసిక రుగ్మత ఉందో లేదో తేల్చడం మన పని కాదు. ఎదుట కూర్చోబెట్టుకుని పరీక్షించకుండా ఎవరికీ జబ్బు పేరు పెట్టకూడదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే నియమం పెట్టుకుంది. మనకూ ఆ నియమం మంచిదే. ఈమధ్య ఫోన్లలో వీడియోలు చూసి, కోపిష్టి అత్తనూ మొండి అల్లుణ్నీ ‘నార్సిసిస్టు’ అనేస్తున్నారు. ఒక్క తగాదాతో తేలే విషయం కాదిది. ఏళ్ల తరబడి ఇంట్లో, పనిలో, స్నేహంలో ఒకే తీరు కనిపించాలి.

ఆ తీరు ఎలా ఉంటుంది? సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మతలో అలవోకగా అబద్ధాలు, ఎదుటివాణ్ని వాడుకోవడం, దెబ్బ తిన్నవాడి మీదే తప్పు నెట్టడం, పశ్చాత్తాపం లేకపోవడం ఉంటాయి. 18 ఏళ్లు నిండితే గానీ డాక్టర్లు ఆ పేరు పెట్టరు. అయితే 15 లోపే దాని ఛాయలు ఉండి ఉండాలంటారు: మూగజీవాలను హింసించడం, దొంగతనాలు, ఇల్లు విడిచి పారిపోవడం. చిన్నప్పుడు అల్లరి చేసిన ప్రతివాడూ అలా తయారవుతాడని కాదు, చాలామంది కుదురుకుంటారు. ఈ రుగ్మత ఉన్నవాళ్లంతా హంతకులూ కారు. వాళ్లలో కొందరు ఎంత కలుపుగోలుగా ఉంటారో హెర్వే క్లెక్లీ అనే డాక్టరు 1941లోనే పుస్తకం రాశాడు. పిచ్చివాడంటే బట్టలు చింపుకుని తిరగాలనుకునే మన కంటికి వీళ్లు అందుకే ఆనరు.

ఆత్మమోహపు (నార్సిసిస్టిక్) రుగ్మత మరింత నాజూకు. పొగడ్త తగ్గితే ముఖం మాడిపోతుంది, చిన్న మాటకు నెలల పగ, పక్కవాడి బాధ చెవికెక్కదు. పెళ్లి పందిట్లో అలాంటి భర్త అందరికీ ఇష్టుడే. “ఏమ్మా, బాగున్నరా?” అని ఎవరో భార్యను పలకరిస్తారు. ఆమె ముందు ఆయన ముఖం చూస్తుంది, తర్వాతే “బాగున్నం” అంటుంది. గుర్తు చాలాసార్లు అతనిలో కంటే అతని పక్కనున్నవాళ్లలోనే ముందుగా కనిపిస్తుంది. ఇంట్లో మాట గడప దాటొద్దని, అక్కతో మాట్లాడొద్దని, అమ్మగారింటికి ఎందుకని ఒక్కొక్క తలుపే మూసుకుంటూ వస్తాడు. ఎవరికీ చెప్పొద్దని నిధి మాంత్రికుడు పెట్టే షరతుకూ దీనికీ పెద్ద తేడా ఏముంది?

ఇలాంటివాళ్లు తమంతట తాము ఆసుపత్రికి రావడం అరుదు. నిద్ర పట్టడం లేదని, గుండె దడ అని వచ్చేది భార్య, కొడుకు, కింద పనిచేసే గుమాస్తా. మందుల చీటీ రాసే ముందు “ఇంట్లో ఎవరంటే భయం?” అని డాక్టరు అడిగితే సగం రోగం తెలుస్తుంది. 2022 అక్టోబరు నుంచి పనిచేస్తున్న టెలి మానస్ నంబరు 14416కు పక్కనున్నవాళ్లూ ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. దెబ్బల దాకా వస్తే మహిళలకు 181 ఉంది. అవతలి మనిషికి జబ్బుందని రుజువు చేయాల్సిన పని లేదు. తనకు ఏం జరుగుతోందో చెబితే చాలు.