గోడపత్రిక మీద గుర్తు

గోడలకు అంటించే పోస్టర్లలో తరచుగా ఒక మూల ఏదో ఒక చిహ్నం కనిపిస్తుంది. దానినే లోగో అంటారు. అది సంస్థకు ముఖం వంటిది. పేరు చదవకముందే చూపరులు దానిని గుర్తుపడతారు. ఆ ముఖమే మసకబారితే, కింద ఎంత మంచి మాట రాసినా దాని విలువ తగ్గుతుంది. అయినా పోస్టరు తయారుచేసేవారిలో చాలామంది చిట్టచివర పట్టించుకునేది ఈ చిహ్నాన్నే.

మసక ఎందుకు వస్తుంది? కంప్యూటరులోని ఛాయాచిత్రం సన్నని చుక్కల కూర్పు. దగ్గరగా చదివే అచ్చుపనికి అంగుళానికి 300 చుక్కలు ఉండాలని ముద్రాపకులు సాధారణంగా కోరుతారు. అంగుళం వెడల్పున 300 చుక్కలున్న చిహ్నం ఉత్తరం కాగితం మీద చక్కగా ఉంటుంది. దానినే పోస్టరు కోసం 6 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 50 చుక్కలే మిగులుతాయి. అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. కంప్యూటరులో చుక్కల సంఖ్య పెంచవచ్చు గాని, ఆ కొత్త చుక్కలు ఊహతో పూరించినవే. లేని వివరం వాటితో రాదు.

వెనుకటి చిత్రకారులు ఈ సంగతి ఎరుగుదురు. వారు చిహ్నాన్ని పెద్దదిగా గీసేవారు. కెమెరాతో దానిని చిన్నది చేసి అచ్చుకు పంపేవారు. పెద్దది చిన్నదైతే లోపం దాగుతుంది; చిన్నది పెద్దదైతే లోపం బయటపడుతుంది. నేడు ఇంతకంటె మేలైన మార్గం ఉన్నది. చుక్కలతో కాక గీతలు, వంపుల లెక్కతో దాచిన బొమ్మను వెక్టర్ బొమ్మ అంటారు. దానిని ఎంత పెంచినా అంచు చెదరదు.

దూరం నుండి చూసే బొమ్మకు ఇంత నాణ్యత ఎందుకని కొందరంటారు. రోడ్డు పక్కన ఎత్తుగా నిలిపే పెద్ద ప్రకటనల విషయంలో ఆ మాట నిజమే. కాని బడి గోడ మీది పోస్టరును పిల్లలు, తల్లిదండ్రులు చేరువలో నిలబడి చదువుతారు.

చిహ్నంలో తెలుగు పేరు ఉంటే జాగ్రత్త మరింత అవసరం. ‘ద’కూ ‘ధ’కూ తేడా కింది చిన్న గీత. ‘వ’కూ ‘ప’కూ తేడా తలకట్టు అంటుకొని ఉండడం, విడిగా ఉండడం. మసకలో ఈ తేడాలే ముందుగా పోతాయి. హోసూరులోనో, బరంపురంలోనో అచ్చువేసేవారికి తెలుగు రాకపోవచ్చు. చెరిగిన ఒత్తును వారు ఊహించి సరిదిద్దలేరు. తప్పుగా పడిన పేరు గోడ మీద అలాగే నిలుస్తుంది.

కావున ప్రతి పాఠశాలా తన చిహ్నపు అసలు ప్రతిని భద్రపరచుకోవాలి. అది లేకపోతే పెద్ద కాగితం మీద నల్లసిరాతో ఒకసారి శ్రద్ధగా గీయించుకోవాలి. పాత ఉత్తరం కాగితాన్ని ఫోనుతో ఫొటో తీసి పంపడం సులభమే, కాని అది సరైన పని కాదు. అచ్చుకు ముందు అసలు కొలతలో ఒక నమూనా తీయించి చూసుకోవాలి. ఒక పూట శ్రమతో ఏళ్ల తరబడి పేరు నిలుస్తుంది. తన పేరును శుభ్రంగా రాసుకోవడం అక్షరాభ్యాసం నాటి పాఠమే. అది వ్యక్తికి ఎంత అవసరమో, సంస్థకూ అంతే అవసరం.