చూడని బొమ్మకు పడిన శిక్ష

ఒక బొమ్మ బాగాలేదని చెప్పాలంటే ముందు ఆ బొమ్మ చూసి వుండాలి గదా! అయిదో క్లాసు కుర్రవాడిని అడిగినా యీ మాటే చెబుతాడు. కాని 2015లో మొరాకో దేశంలో వేలకు వేలమంది తాము చూడని బొమ్మ మీద తీర్పు చెప్పారు. ఆ తీర్పు అమలు జరిగింది మాత్రం ఒక ఆడమనిషి వొంటి మీద. ఆమె పేరు లుబ్నా అబీదార్.

లుబ్నా 1985లో మరాకెష్‌లో పుట్టింది. ఎర్రమట్టి రంగు గోడలతో చూడముచ్చటగా వుండే పాతకాలపు వూరు అది. పొద్దువాలితే చాలు, జెమా ఎల్ ఫనా అనే మైదానంలో కథలు చెప్పేవాళ్లూ, పాములనాడించేవాళ్లూ, డప్పులు వాయించేవాళ్లూ చేరుతారు. వాళ్ల చుట్టూ జనం గుండ్రంగా మూగుతారు. దేశదేశాల యాత్రికులు వెళ్లి ఫొటోలు తీసుకునేది యీ మరాకెష్‌నే. బాగా పొద్దుపోయాక తలుపులు తెరుచుకునే మరాకెష్ మరొకటి వుంది. గల్ఫ్ దేశాలనుంచీ, ఐరోపానుంచీ డబ్బుతో దిగే మగవాళ్ల కోసం అద్దె బంగళాల్లో విందులు జరుగుతాయి. ఆ విందులకు ఆడపిల్లలు కావాలి. ఈ సంగతి వూళ్లో తెలియనివాళ్లు లేరు, పైకి అనేవాళ్లూ లేరు.

నబీల్ అయూష్ అనే దర్శకుడు ఆ అనకూడని సంగతినే బొమ్మగా తీయాలనుకున్నాడు. ఆయన అప్పటికే పేరున్నవాడు. కాసాబ్లాంకా వీధుల్లో పెరిగే దిక్కులేని పిల్లల మీద 2000లో 'అలీ జౌవా' తీసి మెప్పు పొందాడు. ఈ కొత్త బొమ్మ కోసం వందలమంది వేశ్యలతో మాట్లాడి, వాళ్ల బతుకులు తెలుసుకున్నాడు. లుబ్నా పేదల పేటలో పెరిగింది, అక్కడి మనుషులూ మాటలూ ఆమెకు తెలుసు. అందుచేత మొదట ఆమెను పెట్టుకున్నది సలహాలు చెప్పడానికే. వేషం ఆమె పట్టుబట్టి సంపాదించుకున్నది. అదీ చిన్న వేషం కాదు. కథ నడిపే నోహా వేషమే ఆమెకు దక్కింది.

బొమ్మకు అరబ్బీలో పెట్టిన పేరుకు 'నీలోని అందం' అని అర్థం. బయటి దేశాల్లో 'మచ్ లవ్డ్' అన్నారు. 2015 మే నెలలో ఫ్రాన్సులో కాన్ ఉత్సవాల సమయంలో మొదటిసారి ప్రదర్శించారు. అంతలోనే కొన్ని ముక్కలు ఎలాగో బయటపడి, మొరాకోలో చేతిచేతికీ ఫోన్లలో తిరిగాయి. విందులవీ, సారా గ్లాసులవీ, బూతు మాటలవీ ఆ ముక్కలు. ఇక చూడండి, దేశం భగ్గుమన్నది! ప్రదర్శనకు అనుమతి కావాలని నిర్మాతలు దరఖాస్తయినా పెట్టకముందే, నెలాఖరులోగా ప్రభుత్వం బొమ్మను నిషేధించింది. నీతికీ, మొరాకో స్త్రీకీ ఘోరమైన అవమానం జరిగిందన్నది వాళ్లు చెప్పిన కారణం.

నోహాను చంపాలని ఎవరూ అనలేదు, ఆమె కథలో మనిషి గనుక. లుబ్నాను చంపాలన్నారు. అందుకోసం ఇంటర్నెట్‌లో సంఘాలే పుట్టాయి. ఆమెను వేశ్యవేషం వేసిన నటిగా గాక, అచ్చంగా వేశ్యగానే లెక్కకట్టారు. బయటికి వెళ్లాలంటే మొహం కనబడకుండా బురఖా వేసుకోవలసి వచ్చిందని ఆమె తరవాత రాసింది. నటనకు పేరు రాగానే మొహం దాచుకోవలసిన స్థితి!

ఆ సంవత్సరమే నవంబరు మొదట్లో, కాసాబ్లాంకాలో, ముగ్గురు యువకులు ఆమెను గుర్తుపట్టారు. కారులోకి లాక్కుని, వూరంతా తిప్పుతూ, మొహం మీదా వొంటి మీదా కొట్టి వదిలారు. వైద్యానికి వెళితే తలుపు తీయలేదనీ, పోలీసుల దగ్గరకు వెళితే నవ్వారనీ ఆమె చెప్పింది. వాచిపోయిన మొహంతో తనే ఒక వీడియో తీసి లోకానికి చూపించింది. కొద్దిరోజుల్లోనే ఫ్రాన్సు వెళ్లిపోయింది. 'ల మోండ్' పత్రికలో తన గోడు రాసుకుంటూ, స్వేచ్ఛగా వుండే ఆడదాన్ని కాబట్టే నా మీద యీ పగ, అనే అర్థం వచ్చేటట్టు చెప్పింది.

ఇల్లు వదిలిపోయిన యీ నటిని 2016లో ఫ్రెంచివారు తమ సెజార్ బహుమతులకు ఉత్తమ నటీమణుల జాబితాలో చేర్చారు. బహుమతి కేథరిన్ ఫ్రో అనే ఆమెకు వెళ్లింది లెండి. అంతకుముందే బెల్జియంలో నమూర్, స్పెయిన్‌లో హిహోన్ ఉత్సవాలు లుబ్నాను ఉత్తమ నటిగా ఎంచాయి. 2017లో హనెకే అనే ఆస్ట్రియా దర్శకుడి చిత్రంలో చిన్న వేషం వేసింది. తన కథను పుస్తకంగా కూడా వేసింది. దాని పేరు 'ప్రమాదకరమైన మనిషి' అని వచ్చేట్టు పెట్టుకుంది. గడుసు మనిషే.

మనకు మధురవాణి వుంది. 1955లో వచ్చిన 'కన్యాశుల్కం'లో ఆ వేషం సావిత్రి వేస్తే, సంసార స్త్రీలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూశారు. ఆమె తెలివికి మురిసిపోయారు. అంతమాత్రాన మనకేదో మంచితనం ఎక్కువని చెప్పను. నాటకాల్లో వేషాలు వేసే ఆడవాళ్లకు ఇల్లు అద్దెకివ్వని వీధులు మనకూ వుండేవి. కాని బొమ్మ చూడనిచ్చారు. చూసినవాళ్లకు వేషమూ మనిషీ వేరని వేరే చెప్పనక్కరలేకపోయింది. మొరాకోలో ఆ అవకాశమే లేకుండా చేశారు.

నాకు మింగుడుపడని సంగతి ఇంకొకటి వుంది. కథ రాసింది నబీల్, తీసింది నబీల్. ఆయనకూ బెదిరింపులు వచ్చిన మాట నిజమే. కాని తరవాత ఆయన మొరాకోలోనే బొమ్మలు తీశాడు. 2021లో ఒకటి కాన్ పోటీలో నిలిచింది. అదీ, 2024లో తీసిన మరొకటీ, మొరాకో తరఫున ఆస్కారుకు పంపినవే. మంచి దర్శకుడికి మంచి జరిగితే నాకు సంతోషమే. మరి ఆయన రాసిన మాటలు పలికిన ఆడమనిషి సామాను సర్దుకుని ఎందుకు పోవలసి వచ్చింది?

ఆ దేశానికి యిది కొత్త కాదు. తురయా జబ్రాన్ అని గొప్ప నాటక నటి వుండేది. 1990ల్లో ఆమె రంగస్థలం మీద దొరలను వేళాకోళం చేస్తుంటే, టెలివిజన్ కార్యక్రమానికి వెళ్లే దారిలో ఎవరో ఎత్తుకుపోయి తల గొరిగి వదిలారు. అదే తురయా 2007లో మొరాకో సాంస్కృతిక మంత్రి అయింది. ఎన్నికల్లో నిలబడలేదు, ఓట్లడగలేదు, పిలిచి యిచ్చారు. 2009లో పదవి వదిలి, 2020లో కన్నుమూసింది. జుట్టు మళ్లీ మొలిచేంత సులువుగా పరువు మొలవదు, ఆమెకు మొలిచింది. లుబ్నా విషయంలో అలా జరుగుతుందని నాకు నమ్మకం తక్కువ. తురయా వెక్కిరించింది ప్రభువులను. లుబ్నా చూపించింది ఇళ్లను.

నేనా బొమ్మ, కింద అక్షరాలు చదువుకుంటూ, మొత్తం చూశాను. పిల్లలు చూడవలసింది కాదు. కొన్నిచోట్ల నేనూ తల తిప్పుకున్నాను. కాని అందులో నోహా తన తల్లి ఇంటికి వెళుతుంది. రాత్రి వేసుకునే బట్టలు కావు, వొంటినిండా పొడుగు అంగీ, తలమీద గుడ్డ. ఆమె పిల్లవాడు పెరుగుతున్నది ఆ యింట్లోనే, ఆ యిల్లు నడిచేది ఆమె తెచ్చే డబ్బుతోనే. తల్లి డబ్బు తీసుకుంటుంది. ఇరుగుపొరుగు చెవులు కొరుక్కుంటున్నారు, యిక రావద్దంటుంది. లుబ్నా అక్కడ ఏడవదు, అరవదు, తల్లి మొహంలోకి చూస్తుంది అంతే. మరాకెష్‌లో తల్లులు చూడవలసిన ఘట్టం అది. విందు ముక్కలు మాత్రం అందరూ చూశారు.