‘ఫార్వర్డెడ్’ అని వస్తే మన గ్రూపులో పెట్టకండి

మన కుటుంబాల వాట్సాప్ గ్రూపుల గురించి ఈసారి కాస్త కటువుగానే రాస్తున్నాం. పెద్దవాళ్ళకు కోపం వస్తే రానీండి. ఆ కోపాన్ని సొంత మాటల్లో రాసి పంపిస్తే మాకు సంతోషమే.

మంచి లేదని కాదు. ఇన్‌ల్యాండ్ ఉత్తరం కోసం వారాలు ఎదురుచూసిన ఇళ్ళు మనవి. ఇప్పుడు హిందూపురం నుంచి పెద్దత్త గోంగూర పచ్చడి ఎలా నూరాలో గొంతుతో చెప్పి పంపిస్తే, న్యూజెర్సీలో మనవరాలు రోలు లేకున్నా మిక్సీలో చేసుకుని సాయంత్రానికి ఫొటో పెడుతుంది. బెంగళూరులో పుట్టిన మన పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, స్కూల్లో ఇంగ్లీషు. ‘స్వల్ప అడ్జస్ట్ చేసుకో’ అన్నది వాళ్ళకు తెలుగే. (నిజం చెప్పాలంటే మనకూ అంతే.) అలాంటి పిల్లల చెవిన పెద్దత్త యాస పడుతోందంటే అది ఏ క్లాసుకు పంపినా దొరకనిది.

కానీ ఆ గొంతు గ్రూపులో ఎంతసేపు నిలుస్తోంది? దాని మీద పదహారు శుభోదయాలు, నాలుగు పూల బొమ్మలు, కరివేపాకుతో షుగరు తగ్గే చిట్కా, ఆ తర్వాత ‘అందరికీ పంపండి, చాలా ముఖ్యం’. శుభోదయాలతో పేచీ లేదు, ఫోను నిండుతుంది, అంతే. పేచీ అంతా ఆ ‘చాలా ముఖ్యం’తోనే.

మన ఊళ్ళోనే ఏం జరిగిందో గుర్తుచేసుకుందాం. 2012 ఆగస్టులో, అస్సాం అల్లర్ల తర్వాత, ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులు జరగబోతున్నాయని ఎస్సెమ్మెస్‌లు తిరిగాయి. వేలమంది సంచీలు సర్దుకుని సిటీ రైల్వే స్టేషనుకు చేరారు. గువాహటికి ప్రత్యేక రైళ్ళు వేయాల్సి వచ్చింది. ఒకేసారి అయిదుగురికి మించి ఎస్సెమ్మెస్ పంపకుండా కేంద్రం 15 రోజులు ఆంక్ష పెట్టింది. అప్పటికి చాలా ఇళ్ళలో స్మార్ట్‌ఫోనే లేదు!

2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వీడియోలు వచ్చాయి. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో, కరాచీలో పిల్లల భద్రత మీద తీసిన ప్రచార చిత్రం. చివర పిల్లవాణ్ణి తిరిగి దింపేసే ముక్క కత్తిరించి పంపారు. మే 23న మన చామరాజపేటలో, రాజస్థాన్ నుంచి పనికోసం వచ్చిన ఒక యువకుణ్ణి జనం కట్టేసి కొట్టి చంపారు. అదే నెలలో తెలంగాణలోనూ ఇవే పుకార్లకు ప్రాణాలు పోయాయి.

ఇలాంటివి పంపేవాళ్ళెవరూ దుర్మార్గులు కారు. “నిజమో కాదో తెలీదు, ఎందుకైనా మంచిదని పంపించా” అనే బాబాయిలూ పిన్నులే. మా వాదన అంతా ఆ ‘ఎందుకైనా మంచిది’ మీదే. ఎవరికి మంచిది? చామరాజపేటలో చనిపోయిన మనిషి చేసిన తప్పు కొత్త ముఖం కావడమే. మన తాతలు కూడా ఈ ఊరికి ఒక ట్రంకుపెట్టెతో, కొత్త ముఖాలతో, రాని కన్నడంతో దిగినవాళ్ళే. ఆ రోజుల్లో ఎదురింటివాళ్ళ చేతిలో ఇలాంటి వీడియో ఉండి ఉంటే?

‘ఒక్క మనం ఆపితే ఆగుతుందా’ అంటారు. ఆగింది కూడా. ఆ 2018లోనే జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళను ఊరూరా పంపి, దండోరా వేయించి, జానపద పాటలతో ఇది అబద్ధమని చెప్పించారు. 400కు పైగా ఊళ్ళున్న ఆమె పరిధిలో ఈ పుకార్లకు ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఆ జూలైలో వాట్సాప్ కూడా దిగివచ్చి, మన దేశంలో ఫార్వర్డు అయిదు చాట్లకే అని పరిమితి పెట్టింది. వచ్చినదాని మీద ‘ఫార్వర్డెడ్’ అనే ముద్ర మొదలైందీ అప్పుడే. ఆ ముద్ర చదవడానికి చత్వారం అడ్డు రాకూడదు.

ఇంకో పోరు కూడా ఉంది, ఇది పిల్లలతో. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయడం మానండి. ‘పాలు తెమ్మంటే పళ్ళు తెచ్చాడు’ అన్న గొడవ అందుకే వస్తోంది. లిపి కష్టమన్న సాకు బెంగళూరు పిల్లలకు అసలు చెల్లదు. స్కూల్లో కన్నడం నేర్చినవాడికి తెలుగు అక్షరాల్లో చాలా మటుకు తెలిసినవే. తలకట్టు తేడా, మరికొన్ని అక్షరాలు పట్టుకుంటే చాలు, కొన్ని వారాల పని. కీబోర్డు ఎలాగూ ఫోనులోనే ఉంది.

కాబట్టి ఈ నెల నుంచి మన గ్రూపులో ముద్ర ఉన్నది ఏదొచ్చినా తీసేస్తాం, పెట్టినవాళ్ళు మేనమామ అయినా సరే. బదులుగా పెద్దత్త వాయిస్ మెసేజులు ఎవరి ఫోన్లలో మిగిలి ఉన్నాయో చూసి, తేదీ, దేని గురించో ఒక ముక్క రాసి మాకు పంపండి. ఉగాది వంటల గురించి చెప్పినవి మా దగ్గర మూడే ఉన్నాయి. బొబ్బట్లది ఎవరి దగ్గరుందో?