పానశాలలో పంక్తిభోజనము

అమెరికాలో నుద్యోగములు చేయుచున్న మన యువజనులకు వారాంతమున నొక పిలుపు వచ్చుట పరిపాటి. సహోద్యోగులో, ఇరుగుపొరుగువారో పదిమంది కూడి, తమ పేటలోని టావెర్నుకు పోయి కోడిరెక్కలును పిజ్జాయు తినుచు నొక సాయంకాలము గడపుదమని పిలుతురు. ఈ వార్త యిచ్చటి తలిదండ్రుల చెవిని పడినంతనే "సారాకొట్టునకు పోవుటకేనా నిన్ను సముద్రములు దాటించినది?" అని యాక్రోశింతురు. కొందరు పెద్దలు దీనిని శీలభ్రంశమనియు, మరికొందరు మతభ్రంశమనియు నిందింతురు. ఈ నిందలో వివేకమెంత గలదో, దురభిమానమెంత గలదో విమర్శింపవలసి యున్నది.

టావెర్నన నెట్టిదో ముందు తెలిసికొందము. అచ్చట మద్యము విక్రయింతురు, ఇది నిజము. కాని మన యూళ్లలోని మద్యపు దుకాణమువలె, ఇనుపకమ్ముల సందునుండి సీసా నందుకొని, గోడచాటున నిలిచి గుటుక్కున మ్రింగి పోవు చోటు కాదది. బల్లలును కుర్చీలును వంటయిల్లును గలిగి, స్త్రీపురుషులు కూర్చుండి భుజించుచు ముచ్చటించుకొను పేటవారి కూటమిశాల. ఇంటికిని పనిచోటునకును వెలుపల మనుష్యునకు మూడవ తావొకటి యావశ్యకమని రే ఓల్డెన్‌బర్గు అను నమెరికను సమాజశాస్త్రజ్ఞుడు 1989లో ప్రకటించిన గ్రంథమున వాదించి, యట్టి తావులలో నిట్టి పానశాలలను గూడ చేర్చినాడు. మన పల్లెలో రచ్చబండ చేయు పనిని వారి పేటలో టావెర్ను చేయుచున్నది.

ఇక నా తిండి మాట. కోడిరెక్క చిరకాలము ఎముకల రసము మరిగించుటకు మాత్రమే పనికివచ్చు చౌకముక్కగా నెంచబడినది. న్యూయార్కు రాష్ట్రమందలి బఫలో నగరమున, 1964లో, యాంకర్ బారు అను పానశాలయందు టెరెస్సా బెలిస్సిమో యను నామె, రాత్రి ప్రొద్దుపోయిన పిదప నాకలిగొని యున్న తన కుమారునకును వాని మిత్రులకును రెక్కలను నూనెలో వేయించి, కారపు సాసును వెన్నయు పట్టించి పెట్టెనని యొక కథ. ఆ నగరముననే, ఆ దశాబ్దముననే, జాన్ యంగ్ అను నల్లజాతి భోజనశాలాధిపతి వేరొక సాసుతో రెక్కలు వండి విక్రయించి, యీ కీర్తి తనకు చెందవలసినదని వాదించెను. పిజ్జాయన్ననో, నేపుల్సు నగరపు పేదల కూడు. పొట్టచేతబట్టుకొని వలసవచ్చిన ఇటలీవారితో నమెరికా చేరినది. వలసవచ్చినవారును, అణగద్రొక్కబడినవారును చౌకతిండిని పదిమంది పంచుకొను విందుగా మార్చిరి. పళ్లెమును నడుమ నుంచి, ఎవరి ముక్క వారు చేత దీసికొని, వ్రేళ్లు నాకికొనుచు తిను నీ భోజనమున మడియు లేదు, హోదాయు లేదు.

అయితే యా దేశమున భోజనపుబల్ల యెల్లవారికి నెల్లప్పుడును దక్కినదనుకొనరాదు. 1960 ఫిబ్రవరి 1వ తేదీని ఉత్తర కెరొలీనాలోని గ్రీన్స్‌బరో పట్టణమున నలుగురు నల్లజాతి విద్యార్థులు, శ్వేతజాతివారికే వడ్డించు ఫలాహారపుబల్లకడ కూర్చుండి, పొమ్మన్నను లేవకుండిరి. ఇట్టి పోరాటము లెన్నియో జరిగిన పిదప 1964 జూలై 2వ తేదీని అమలులోనికి వచ్చిన పౌరహక్కుల శాసనము భోజనశాలలలో జాతిభేదము పాటించుటను నిషేధించినది. న్యూయార్కు నగరములోని మెక్‌సోర్లీ యను ప్రాచీన పానశాల 1970 వరకు స్త్రీలను లోనికి రానీయలేదు. శాసనము నిర్బంధించిన పిమ్మటనే రానిచ్చినది. అన్యులు దెబ్బలు తిని, చెరసాలల కేగి సాధించిన యా సహపంక్తిలో నేడు మన బిడ్డకు చోటు చూపి రమ్మనుచుండగా, పోవలదని మనమే యడ్డుపడుట యెట్టి ధర్మము?

"మద్యము మాటేమి?" అని యడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో సారాపై తిరుగబడిన స్త్రీలకు నేను చేతులెత్తి నమస్కరించుచున్నాను. ఆంధ్రదేశమున 1995లో వచ్చిన సంపూర్ణమద్యనిషేధము వారి యుద్యమఫలమే. 1997లో దానిని సడలించుట మన దౌర్భాగ్యము. కాని యా తల్లులు పోరాడినది, కూలిడబ్బులు కాజేసి కాపురములు కూల్చు సారాతోగాని, పదిమంది కూర్చుండి తినుటతో గాదు. టావెర్నులో నిమ్మరసమో సోడాయో త్రాగువానిని లేచి పొమ్మనరు. ఇరువదియొక యేండ్లు నిండనివానికి మద్యమమ్ముట యచ్చట నేరము. త్రాగి కారు నడుపుటయు నేరమే. "త్రాగకుము, పోయి రమ్ము" అని చెప్పలేని తలిదండ్రులు, తాము పెంచిన బిడ్డపై తమకే నమ్మకము లేదని చాటుకొనుచున్నారు.

"మాంసము మాటేమి?" అని రెండవ యాక్షేపణ. శాకాహారవ్రతము గలవాడు రెక్క ముట్టక జున్ను పిజ్జా తినవచ్చును; వాని వ్రతమునకు ఎవ్వరును భంగము కలిగింపరు. అయినను తెలుగువారిలో మాంసాహారులే యధికసంఖ్యాకులు గదా! ఆదివారమునాడు ఇంట కోడికూర వండించుకొని గిన్నె యూడ్చు పెద్దమనిషికి, కొడుకు పరదేశమున కోడిరెక్క తిన్నంతనే ధర్మచింత కలుగుటకు కారణమేమి? ఏమి తిన్నాడన్నది వాని బాధ కాదు. ఎవరితో తిన్నాడన్నదే బాధ.

ఇదే యసలు రోగము. త్రాగుడును మాంసమును పైకి చెప్పు మాటలు. లోపల నున్నది కులము. మన పల్లెలలో టీదుకాణమునందు కొందరి కొక గ్లాసును, మరికొందరికి వేరొక గ్లాసును పెట్టిన ఘనత మనది. 1950లో నమలులోనికి వచ్చిన మన రాజ్యాంగపు పదునైదవ యధికరణము కులమునుబట్టి భోజనశాలలలో నెవ్వరిని నడ్డగింపరాదని శాసించినది. ఆ భేదమునే కొందరు విమానములలో నెక్కించుకొని పోయిరి. కులవివక్షను నిషేధించుచు 2023లో సియాటిల్ నగరసభ శాసనము చేయవలసివచ్చినదన్న, అది మనదేశీయుల కెంత సిగ్గుచేటో యోచింపుడు! పరదేశమున స్వకులమువారి విందులకు మాత్రమే పోవుచు, పొరుగువాని పిలుపునకు "పని యున్నది" అని తప్పించుకొనువాడు ఆచారపరుడు కాడు, పిరికివాడు.

పలనాటి బ్రహ్మనాయుడు సకలవర్ణములవారిని ఒక్క చాపపై గూర్చుండబెట్టి చాపకూడు కుడిపినాడని మనము ఉపన్యాసములలో చప్పట్లు కొట్టుదుము. ఆ చాపను చుట్టి యటుకమీద పారవైచి, పిజ్జాబల్లను నిందించుట మనకు తగునా?

కావున యువకులారా, యువతులారా, పిలుపు వచ్చినప్పుడు పొండు. మద్యము వలదనుడు, స్నేహము వలదనకుడు. మీ వంతు సొమ్ము మీరు చెల్లింపుడు. బల్లచుట్టు నున్నవారి పేళ్లును, వారి తలిదండ్రు లేయే దేశములనుండి వచ్చినారన్న సంగతియు తెలిసికొనుడు. పైవారము వారినందరిని మీ యింటికి పిలిచి, పప్పును ఆవకాయయు వడ్డింపుడు. ఆ పంక్తిలో మీ యూరిలో దూరముగా కూర్చుండబెట్టబడిన కులమునుండి వచ్చిన తెలుగుబిడ్డ యొక్కడైన లేనిచో, మొదట పోయి వానిని పిలుచుకొని రండు.