రెండంగుళాల బేరం

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఈ సంభాషణ కొత్తదేం కాదు. అమ్మానాన్నల ప్రయాణం ఇంకో వారం ఉందనగా విమాన సంస్థ నుంచి కొడుక్కి ఓ మెయిల్ వస్తుంది. మీ ప్రయాణాన్ని ఇంకా హాయిగా మార్చుకోండి, మీకు తోచిన ధర చెప్పండి అని. నొక్కితే తెరమీద ఓ గీత, దానిమీద అటూ ఇటూ జరిపే చుక్క. ఎడమకి జరిపితే ఎర్రరంగు... సీటు దక్కే ఆశ తక్కువని. కుడికి జరిపేకొద్దీ పచ్చబడుతుంది. కొడుకు వెంటనే ఫోన్ చేస్తాడు. 'నాన్నా, మీ ఇద్దరికీ బిజినెస్ క్లాస్‌కి పాట పాడనా?' 'ఎంతవుతుందేమిటి?' అంటారాయన. అంకె విన్నాక చాలామంది నాన్నలు అనే మాట ఒకటే. 'ఒక్కరోజు కూర్చోడానికి అంతెందుకురా!'

నిజమే, ఒక్కరోజే. కానీ హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగా డాలస్ వెళ్లాలంటే మొదటి విమానంలో నాలుగు గంటలు, రెండోదాంట్లో దాదాపు పదహారు. అరవై ఐదేళ్ల మోకాళ్లకి అది చిన్న లెక్క కాదు. అందుకే ఈ వేలం పాట సంగతేమిటో, అసలు ఎకానమీ సీటు ఎందుకలా ఉంటుందో ఓసారి చూద్దాం.

అప్‌గ్రేడ్ అనగానే మనవాళ్లు చెప్పుకునే కథలు కొన్నున్నాయి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కౌంటర్లో అమ్మాయిని నవ్వుతూ పలకరించి, హనీమూన్‌కి వెళ్తున్నామని చెబితే ముందు సీట్లు ఇచ్చేస్తారని! ఎప్పుడో ఎవరికో ఇచ్చే ఉంటారు. ఇప్పుడా అమ్మాయి చేతుల్లో పెద్దగా ఏమీ లేదు, అంతా కంప్యూటరే. టికెట్ కొన్నవాళ్లలో కొందరు రారన్న లెక్కతో విమాన సంస్థలు ఉన్న సీట్లకన్నా ఎక్కువ అమ్ముతుంటాయి. లెక్క తప్పి అందరూ వచ్చేస్తే ఎకానమీ పొంగిపోతుంది. అప్పుడు కొందర్ని ముందుకి జరపక తప్పదు. ఆ జరిపేటప్పుడు కంప్యూటర్ ముందుగా చూసేది తమ విమానాలే తరచూ ఎక్కి వెండి, బంగారు కార్డులు సంపాదించినవాళ్లని. ఆ తర్వాత ఎక్కువ ధరకి టికెట్ కొన్నవాళ్లని. ఇస్త్రీ చొక్కా ఆ జాబితాలో లేదు.

పైగా ఒకప్పుడు ఊరికే ఇచ్చిన ఆ ఖాళీ సీటుని ఇప్పుడు చివరి నిమిషం దాకా అమ్మకానికి పెడుతున్నారు. మెయిల్, వేలం పాట, కౌంటర్ దగ్గర ఆఖరి ధర... ఇవన్నీ దాటుకుని మిగిలిన సీటే పుణ్యానికి దొరికేది.

ఇక ఎకానమీ సంగతి. మన సీటు వీపు నుంచి ముందు సీటు వీపుకి ఉండే దూరాన్ని పిచ్ అంటారు. ఒకప్పుడు పెద్ద సంస్థల్లో అది 34 అంగుళాల దాకా ఉండేది. ఇప్పుడు దూరప్రయాణాల్లో 31-32, చౌక విమానాల్లో 28-29 మామూలైపోయింది. వెడల్పుదీ అదే కథ. బోయింగ్ 787 వచ్చిన కొత్తలో ఎకానమీలో వరసకి ఎనిమిది సీట్లు, రెండు-నాలుగు-రెండుగా వేయొచ్చని చెప్పారు. అత్యధిక సంస్థలు తొమ్మిది బిగించాయి. జపాన్ ఎయిర్‌లైన్స్ మాత్రం అంతర్జాతీయ విమానాల్లో ఎనిమిదితోనే సరిపెట్టుకుంది. 777లో తొమ్మిది ఉండాల్సిన చోట పది వేయడం కూడా ఇలాగే రివాజైంది. వరసకి ఒక్క సీటు పెంచితే ముప్ఫై వరసలకి ముప్ఫై టికెట్లు. తగ్గిందల్లా మనిషికి అంగుళమో, అంగుళంన్నరో!

అలా పిండేసిన అంగుళాలు ఎక్కడికీ పోలేదు. ప్రీమియం ఎకానమీ అనే కొత్త పేరుతో అదే విమానంలో కాస్త ముందువైపు అమ్ముడవుతున్నాయి. 1990ల మొదట్లో తైవాన్‌కి చెందిన ఈవా ఎయిర్, బ్రిటన్‌కి చెందిన వర్జిన్ అట్లాంటిక్ మొదలుపెట్టిన పద్ధతిది. మన దేశంలో 2015లో విస్తారా తెచ్చింది. 2024లో ఎయిరిండియా నడపడం మొదలుపెట్టిన ఎయిర్‌బస్ ఎ350లో బిజినెస్‌కి 28, ప్రీమియం ఎకానమీకి 24, మామూలు ఎకానమీకి 264 సీట్లు. ప్రీమియం సీట్లలో పిచ్ 38 నుంచి 40 అంగుళాలు. వెనకటి ఎకానమీ కన్నా నాలుగు నుంచి ఆరు అంగుళాలే ఎక్కువ!

ఇది లోభమా అంటే, పూర్తిగా కాదు. ఎకానమీ బాగుంటే ముందు సీట్లు ఎవరు కొంటారన్న భయం ఈ వ్యాపారంలో మొదట్నుంచీ ఉంది. 1958లో అట్లాంటిక్ మీదుగా వెళ్లే విమానాల్లో ఎకానమీ అనే చౌక తరగతి మొదలైంది. ఆ ప్రయాణికులకి వేడి భోజనం పెట్టకూడదు, సాదాసీదా శాండ్‌విచ్‌లే ఇవ్వాలని విమాన సంస్థల సంఘం ఐఏటీఏ నియమం పెట్టింది. స్కాండినేవియన్ సంస్థ ఎస్ఏఎస్ ఏం చేసిందంటే, బ్రెడ్డు ముక్కమీద మాంసం, కూరగాయలు గుట్టగా పేర్చి, ఇదీ శాండ్‌విచ్చే అంది. వాళ్ల దేశంలో శాండ్‌విచ్ నిజంగానే అలా ఉంటుంది మరి. అమెరికా సంస్థ పాన్ అమ్ ఫిర్యాదు చేసింది. పెద్దలంతా కూర్చుని శాండ్‌విచ్ అంటే ఏమిటో చర్చించి, ఎస్ఏఎస్‌కి జరిమానా వేశారు. పేద ప్రయాణికుడికి మరీ బాగా పెట్టినందుకు!

ఇంతకన్నా పాత ముచ్చట రైళ్లది. 1849లోనే ఫ్రాన్స్ ఇంజినీరు జూల్ డ్యుపుయ్ ఈ రహస్యాన్ని రాసిపెట్టాడు. మూడో తరగతి పెట్టెలకి పైకప్పు వేయనిది ఖర్చుకి వెనకాడి కాదు, రెండో తరగతి టికెట్ కొనగలిగినవాడు మూడో తరగతికి దిగకుండా భయపెట్టడానికి అన్నది ఆయన మాటల సారాంశం.

మన దగ్గర ఇది తలకిందులైన సందర్భం ఒకటుంది. మూడో తరగతి అనే పేరుని మన రైల్వే 1974లో తీసేసింది గానీ రెండో తరగతిలో చెక్కబల్లలు అలాగే ఉన్నాయి. రాత్రంతా వాటిమీద పడుకుని తెల్లారి నడుం పట్టుకుని దిగిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది, అడిగి చూడండి. 1977లో జనతా ప్రభుత్వం వచ్చాక రైల్వే మంత్రి అయిన మధు దండవతే ఆ చెక్కబల్లల మీద రెండంగుళాల ఫోమ్ వేయించడం మొదలుపెట్టారు. దానికి అప్‌గ్రేడ్ రుసుం లేదు, వేలం లేదు. మొదటి తరగతి మూతపడనూ లేదు. రైలు సర్కారుది, విమానం వ్యాపారుల చేతిలో ఉంది, పోలికేమిటంటారా? నిజమే. కానీ నాకు విమానం ఎక్కి మోకాళ్లు ముందు సీటుకి తగిలినప్పుడల్లా ఆ రెండంగుళాలే గుర్తొస్తాయి.

ఇరుకు చేయబట్టే టికెట్ ధర దిగిందని విమాన సంస్థలు అంటాయి. అందులో నిజముంది, కాదనలేం. 2005లో మొదలైన కింగ్‌ఫిషర్ ఎకానమీలోనూ ప్రతి సీటుకీ తెర పెట్టింది, మంచి భోజనం పెట్టింది. 2012లో ఆగిపోయింది. వేడి భోజనానికి పేరుపడ్డ జెట్ ఎయిర్‌వేస్ 2019లో నేలమీద నిలబడింది. మంచినీళ్లు తప్ప తినేవేవీ ఊరికే ఇవ్వని ఇండిగో 2006లో వచ్చి దేశంలోనే పెద్దదైంది. ఆ రెండింటి పతనానికీ అప్పులూ మరెన్నో కారణాలున్నాయి లెండి. కానీ టికెట్ కొనేటప్పుడు మనం చూసేది కూడా ధరే కదా! ఆ ఇండిగోనే 2024 నవంబరులో ఢిల్లీ-ముంబై విమానంలో 'స్ట్రెచ్' పేరుతో పన్నెండు వెడల్పాటి సీట్లు పెట్టింది.

సీటు సరే, సేవ మాటేమిటి? భోజనం బాగోలేదన్న ఫిర్యాదులో సగం పాపం గాలిది. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి ఆరేడు వేల అడుగుల కొండమీద ఉన్నట్టుంటుంది, తేమ చాలా తక్కువ. ముక్కు ఎండిపోతుంది. ఉప్పు, తీపి రుచులు నాలుకకి తక్కువగా అందుతాయి. జర్మనీలో లుఫ్తాన్సా కోసం ఫ్రౌన్‌హోఫర్ సంస్థ చేసిన పరీక్షల్లో ఇదే తేలింది. ఆవకాయ అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది అక్కడే. అదేమో విమానం కడుపులో, తాళ్లు కట్టిన అట్టపెట్టెలో ఉంటుంది.

సిబ్బంది సంఖ్యకీ ఓ లెక్కుంది. యాభై సీట్లకి కనీసం ఒకరు ఉండాలన్నది నియమం. అంటే 186 సీట్ల విమానంలో నలుగురు. ఎక్కడం, దిగడం పోగా మిగిలిన గంటా గంటన్నరలో ఆ నలుగురే ట్రాలీ తోయాలి, డబ్బు తీసుకోవాలి, చెత్త ఎత్తాలి. ఇవన్నీ వాళ్ల అసలు ఉద్యోగమూ కాదు. 2024 జనవరి 2న టోక్యో హనెడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం దిగుతూ రన్‌వే మీద మరో విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. లోపలున్న 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అందర్నీ దించింది పన్నెండుమంది సిబ్బంది. అదీ వాళ్ల అసలు ఉద్యోగం.

అయినా ఒక మాట చెప్పాలి. మూడేళ్ల కిందట గల్ఫ్ నుంచి హైదరాబాద్ వస్తుంటే (సంస్థ పేరు అనవసరం) నా పక్క సీట్లో జగిత్యాల వైపు మనిషి కూర్చున్నాడు. నాలుగేళ్ల తర్వాత ఇంటికి వస్తున్నాడు. మంచినీళ్లు అడిగాడు. తల ఊపి వెళ్లిన ఎయిర్‌హోస్టెస్ తేలేదు. మళ్లీ అడిగితే 'వెయిట్' అంది, మొహం చూడకుండానే. నేను ఇంగ్లీషులో అడిగాను. రెండు నిమిషాల్లో వచ్చాయి, 'సర్' అన్న మాటతో సహా. గ్లాసు ఆయనకిచ్చాను. 'నీళ్లు గవే గద సార్. నేనడిగితె ఎందుకు రాలె?' అని నవ్వాడు. మాటల్లో తెలిసింది, సెలవు ఖాయమయ్యాక నాలుగు రోజుల ముందు కొన్న టికెట్ అది. రెండు నెలల ముందే కొన్న నా టికెట్‌కన్నా ఆయన చాలా ఎక్కువే ఇచ్చాడు. ఆ వరసలో ఖరీదైన సీటు ఆయనదే!

దిగేటప్పుడు పై అరలోంచి ఆయన దుప్పటి మూటని జాగ్రత్తగా దించి, ఇంటికి క్షేమంగా వెళ్లమని హిందీలో చెప్పి పంపింది ఇంకో ఎయిర్‌హోస్టెస్. అదే విమానం, అదే యూనిఫాం.

ఇక పాట పాడదలిచినవాళ్లకి. వేలం సాధారణంగా మనిషికింత, ఒక్కో విమానానికింత అని ఉంటుంది. కాబట్టి దుబాయ్ దాకా నాలుగు గంటలకి వదిలేసి, పదహారు గంటల రెండో విమానానికి మాత్రమే పాడొచ్చు. పాట నెగ్గితేనే కార్డులో డబ్బు పోతుంది, పోయాక తిరిగి రావడం కష్టం. చాలా సంస్థల్లో సీటు మారినా లగేజీ పరిమితి పాత టికెట్‌దే. ముందుగా చెప్పుకున్న శాకాహార భోజనం ఆఖరి నిమిషం మార్పులో తప్పిపోవచ్చు, కౌంటర్లోనే అడగాలి. బిజినెస్ మరీ భారమనుకుంటే ప్రీమియం ఎకానమీకి పాడండి. అదీ వద్దనుకుంటే నడవ పక్క సీటుకి కాస్త డబ్బు పెట్టండి. పక్కవాళ్లని లేపకుండా లేచి నాలుగడుగులు వేయొచ్చు. ఎమర్జెన్సీ తలుపు పక్క సీట్లలో కాళ్లు చాపుకోవచ్చు గానీ, అవసరమైతే ఆ తలుపు తీయగలిగినవాళ్లకే అవి ఇస్తారు, పెద్దవాళ్లకీ పిల్లలకీ ఇవ్వరు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని అదే టికెట్ మీదున్న అమ్మానాన్నల్లో ఒకరి పక్కనైనా కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో పౌర విమానయాన డైరెక్టరేట్ డీజీసీఏ ఆదేశించింది. అందుకోసం విడిగా సీటు కొనకండి.

అప్‌గ్రేడ్ గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, రెండోవైపు జరిగేది ఎవరూ చెప్పరు. ముందు సీటుకి డబ్బు కట్టినవాణ్ని వెనక్కి పంపడం. అలా పంపితే దేశంలో ప్రయాణానికి పన్నులతో సహా టికెట్ ధరలో 75 శాతం వెనక్కివ్వాలని డీజీసీఏ 2023 ఫిబ్రవరిలో నిబంధన తెచ్చింది. విదేశీ ప్రయాణంలో 1500 కిలోమీటర్లలోపైతే 30 శాతం, 3500 దాకా సగం, ఆపైన 75 శాతం. హైదరాబాద్-దుబాయ్ దాదాపు రెండున్నర వేల కిలోమీటర్లు, కనుక సగం. అడిగితేనే ఇస్తారు. ఏ సీటు కొన్నామో, ఏ సీట్లో కూర్చోబెట్టారో కాగితం మీద ఉండాలి. మొదట ఇచ్చిన బోర్డింగ్ పాసుని కౌంటర్లో వెనక్కి అడుగుతారు, ఇచ్చే ముందు ఫోన్‌తో ఓ ఫొటో తీసుకోండి.