జీవన ఎరువుల సిఫారసులో నేల సమాజానికి చోటు కల్పించాలి

జీవన ఎరువుల గురించి రైతుకు అందుతున్న సలహా దశాబ్దాలుగా ఒకే తీరులో సాగుతోంది. పంట పేరు, సూక్ష్మజీవి పేరు, ఎకరాకు మోతాదు, విత్తనానికి పట్టించే పద్ధతి ఇందులో ఉంటాయి. రసాయనిక ఎరువుల సిఫారసు ఏ అచ్చులో ఉంటుందో ఇదీ అదే అచ్చులో ఉంటుంది. యూరియా ఏ నేలలో వేసినా అందులోని నత్రజని 46 శాతమే. సూక్ష్మజీవి అటువంటిది కాదు. అది చేరిన చోట ఏయే జీవులున్నాయి, ఆహారం ఎంత, తేమ ఎంత అన్నదానిని బట్టి దాని పని మారుతుంది. ఒక్కొక్కప్పుడు పూర్తిగా నిలిచిపోతుంది. ఈ భేదం మన సిఫారసులలో ప్రతిబింబించనంత కాలం జీవన ఎరువులపై రైతుకు నమ్మకం స్థిరపడదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫలితం కనిపించనప్పుడు సాధారణంగా వినిపించే కారణాలు మూడు: ప్యాకెట్టు నాసిరకం, నిల్వ సరిగా లేదు, రైతు సరిగా పట్టించలేదు. ఇవన్నీ వాస్తవమైన కారణాలే. నాణ్యత సమస్య తీవ్రమైనది కనుకనే 2006లో జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చి, పొడి రూపంలోని రైజోబియం వంటి వాటికి గ్రాముకు 5 కోట్ల సజీవ కణాలు కనీస ప్రమాణంగా నిర్ణయించారు. అయితే ఈ ప్రమాణానికి పూర్తిగా తూగిన ప్యాకెట్టు కూడా ఒక పొలంలో పనిచేసి, పక్క పొలంలో పనిచేయకపోవచ్చు. ఆ నాలుగో కారణం నేలలోనే ఉంది. దానిని గురించి మనం తక్కువగా మాట్లాడుతున్నాం.

పని ఒక జీవిది కాదు, సమాజానిది

సూక్ష్మజీవ శాస్త్ర చరిత్రలో ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఉంది. ఆల్కహాలు నుంచి మీథేన్ తయారుచేసే ఒకే జీవిగా ‘మిథనోబాసిల్లస్ ఒమెలియాన్‌స్కీ’ని శాస్త్రజ్ఞులు చాలాకాలం పరిగణించారు. అది ఒక జీవి కాదనీ, విడదీయరానంతగా కలిసి జీవిస్తున్న రెండు జీవులనీ బ్రయంట్, ఆయన సహచరులు 1967లో నిరూపించారు. మొదటిది ఆల్కహాలును విచ్ఛిన్నం చేసి హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. ఆ హైడ్రోజన్ పేరుకుంటే చర్యలో శక్తి మిగలదు. జీవి ఎదుగుదల ఆగిపోతుంది. రెండవది ఆ హైడ్రోజన్‌ను ఎప్పటికప్పుడు వాడుకొని మీథేన్‌గా మారుస్తుంది. ఒకదాని వ్యర్థం రెండవదానికి ఆహారం. రెండవది తినడమే మొదటిదానికి ఊపిరి.

ఇది ప్రయోగశాలకే పరిమితమైన వింత కాదు. కృష్ణా, గోదావరి డెల్టాలలోని వరి మళ్లలో నీరు నిలిచిన ప్రతి పంటకాలంలోనూ ఇటువంటి భాగస్వామ్యాలే నడుస్తాయి. గడ్డిని, వేరు స్రావాలను ఒక వర్గం కుళ్లబెడుతుంది. వాటి నుంచి వచ్చిన ఆమ్లాలను మరొక వర్గం విడగొడుతుంది. చివరి వర్గం మీథేన్‌ను తయారుచేస్తుంది. వరి మొక్క తన కణజాలంలోని గాలి గదుల ద్వారా వేర్లకు చేరవేసే ఆక్సిజన్‌ను ఆధారం చేసుకొని ఇంకొక వర్గం ఆ మీథేన్‌లో కొంత భాగాన్ని వినియోగించుకుంటుంది. పొలం నుంచి గాలిలో కలిసే మీథేన్ ఈ వర్గాల మధ్య కుదిరిన లెక్కలో మిగులు మాత్రమే. మధ్యలో మడిని ఆరబెడితే ఆ లెక్క మారి మీథేన్ తగ్గుతుంది. అయితే అదే సమయంలో నత్రజనిపై ఆధారపడిన మరో వర్గానికి అవకాశం దొరికి నైట్రస్ ఆక్సైడ్ పెరగవచ్చు. ఒక్క జీవిని మాత్రమే చూసే దృష్టికి ఈ రెండవ ఫలితం కనిపించదు.

అమ్మోనియా నైట్రేటుగా మారే క్రమమూ ఇంతే. అది రెండు వేర్వేరు వర్గాల బాక్టీరియా వరుసగా చేసే పని అని 19వ శతాబ్దం చివరలో వినోగ్రాడ్‌స్కీ నిరూపించాడు. రెండు దశలనూ ఒంటరిగా పూర్తిచేయగల బాక్టీరియా సైతం ఉన్నదని 2015లో వెల్లడైంది. మనం వేసిన యూరియాలో ఎంత పంటకు చేరుతుంది, ఎంత నీటితో కొట్టుకుపోతుంది అన్నది ఈ వర్గాల పొందికను బట్టి కూడా ఉంటుంది.

ఒక ఎకరం లెక్క

రైజోబియం విషయానికి వద్దాం. ఒక ఎకరా విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్టు పట్టించామనుకుందాం. ప్రమాణం ప్రకారం అందులో దాదాపు 1000 కోట్ల కణాలుంటాయి. సంఖ్య ఘనంగానే కనిపిస్తుంది. ఎకరా నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. గ్రాము మట్టిలో 10 కోట్ల బాక్టీరియా మాత్రమే ఉన్నాయనుకున్నా, మనం ప్రవేశపెట్టిన ఒక్కొక్క కణానికి ఎదురుగా సుమారు 90 లక్షల స్థానిక కణాలుంటాయి. కొత్తగా వచ్చిన వాటిని విత్తనానికి అంటించడం వల్ల మొలక దశలో వేరు దగ్గర వాటికి కొంత పైచేయి లభిస్తుంది. ఈ పద్ధతి బలమంతా అక్కడే ఉంది. వేరు విస్తరించే కొద్దీ ఆ పైచేయి తరిగిపోతుంది.

ఆ స్థానిక జీవులలో అదే పంటకు బుడిపెలు కట్టగల రైజోబియం ఎంత ఉన్నదన్నది అసలు ప్రశ్న. హవాయి ద్వీపాలలో అనేక పప్పుజాతి పంటలపై జరిగిన ప్రయోగాల ఫలితాలు 1991లో వెలువడ్డాయి. నేలలో స్థానిక రైజోబియం సంఖ్య పెరిగే కొద్దీ బయటి నుంచి వేసిన దాని ప్రయోజనం వేగంగా తగ్గుతుందని అవి చూపాయి. గ్రాముకు లక్షలలో కాదు, పదుల సంఖ్యలో ఉన్నా చాలు, తేడా గుర్తించడం కష్టమైంది. పైగా స్థానికమైనవన్నీ సమర్థంగా నత్రజనిని స్థిరీకరిస్తాయన్న హామీ లేదు. బుడిపెలు నిండుగా ఉండి, పంట పాలిపోయి ఉండటానికి ఇది ఒక కారణం.

మన పంటలకు దీనిని అన్వయిస్తే చిత్రం స్పష్టమవుతుంది. వేరుశనగ, అలసంద, మినుము వంటివి ఉష్ణమండల నేలల్లో విస్తారంగా ఉండే బ్రాడీరైజోబియంతో బుడిపెలు కడతాయి. తరతరాలుగా వేరుశనగ పండుతున్న అనంతపురం ఎర్రనేలల్లో ప్యాకెట్టు నుంచి పెద్ద తేడా ఆశించడానికి ఆధారం బలహీనం. సోయాచిక్కుడు, శనగలకు ప్రత్యేకమైన రైజోబియం కావాలి. సోయాచిక్కుడును మొదటిసారి వేసే చెలకలో అదే ప్యాకెట్టు పంట స్వరూపాన్నే మార్చగలదు. నెలల తరబడి నీరు నిలిచిన వరి మాగాణిలో శనగ వేస్తే, ఆ రైజోబియం సంఖ్య తగ్గిపోయి ఉండే అవకాశం ఉంది కనుక అక్కడ కూడా ప్యాకెట్టుకు విలువ ఎక్కువ. ఈ మూడు సందర్భాలకూ ఒకే వాక్యంలో సిఫారసు చేయడం శాస్త్రీయం కాదు.

నేల తన సమాజాన్ని తానే మలచుకుంటుంది

ప్రవేశపెట్టిన జీవి చివరి వరకు అదే రూపంలో ఉంటుందన్న భావన కూడా నిలవదు. న్యూజిలాండ్‌లో లోటస్ అనే పశుగ్రాసపు మొక్కకు తగిన రైజోబియం లేని నేలలో ఒకే రకాన్ని ప్రవేశపెట్టారు. ఏడేళ్ల తరువాత బుడిపెలను పరీక్షిస్తే వాటిలో చాలా వరకు వేరువేరు రకాలు కనిపించాయి. అంతకుముందు బుడిపెలు కట్టలేని స్థానిక బాక్టీరియా, వచ్చిన రకం నుంచి సహజీవనానికి అవసరమైన జన్యువుల సముదాయాన్ని మొత్తంగా స్వీకరించాయని 1995లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. ఆ నేలకు అలవాటుపడిన జీవులకు కొత్త విద్య అబ్బింది. ఇది మేలుకే దారితీయాలన్న నియమం లేదు. జన్యువులు అందుకున్న స్థానిక రకాలు నత్రజని స్థిరీకరణలో వెనుకబడి ఉండవచ్చు, పోటీలో ముందుండవచ్చు.

తెగులును అణచే నేలలు మరొక సాక్ష్యం. ఒకే పొలంలో ఏళ్ల తరబడి గోధుమ వేస్తే ‘టేక్ ఆల్’ అనే వేరు తెగులు మొదట ఉధృతమై, తరువాత తనంతట తాను తగ్గడాన్ని అమెరికా, ఐరోపాలలో గమనించారు. ఆ మట్టిని వేడిచేస్తే ఈ గుణం పోతుంది. ఆ మట్టిని కొద్దిగా వేరే నేలలో కలిపితే గుణం అక్కడికి సంక్రమిస్తుంది. శిలీంధ్రాన్ని అడ్డుకునే పదార్థాన్ని స్రవించే సూడోమొనాస్ బాక్టీరియా వేర్ల దగ్గర వృద్ధి చెందడం దీనికి ముఖ్య కారణమని తరువాత తేలింది. ఆ స్థితికి చేరడానికి పంట, తెగులు, నేల సమాజం కొన్నేళ్లు కలిసి ఉండవలసి వచ్చింది. ప్యాకెట్టులో సూడోమొనాస్ వేసి ఒక్క పంటకాలంలో అదే ఫలితం ఆశించడం తొందరపాటు.

అన్నీ కలిపితే సరిపోతుందా?

సమాజం ముఖ్యమైతే అనేక జీవులను కలిపి ఒకే సీసాలో ఇస్తే చాలు కదా అన్న వాదన మార్కెట్టులో బలంగా ఉంది. దానిని అంగీకరించలేం. ట్రైకోడెర్మా ఇతర శిలీంధ్రాలపై దాడి చేసే జీవి. సూడోమొనాస్ ప్రతిజీవకాలను స్రవించే జీవి. అన్ని రకాలూ ఒకదానితో ఒకటి పొసుగుతాయని చెప్పలేం. రకం వారీగా పరీక్షించవలసిందే. భాస్వరం ఎక్కువగా వేసిన నేలలో మైకోరైజా వేర్లలో తక్కువగా స్థిరపడుతుంది. కార్బెండజిమ్ పట్టించిన విత్తనంపై ట్రైకోడెర్మా నిలవడం కష్టం. సీసాలో ఎన్ని జీవులున్నాయన్న దానికన్నా అవి పరస్పరం ఏం చేసుకుంటాయన్నదే ప్రధానం.

జీవామృతం గురించి కూడా ఇదే నిష్పక్షపాత దృష్టి అవసరం. పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గట్టు మట్టి కలిసిన ఆ ద్రావణం వల్ల మేలు జరిగిన చోట, అది అందులోని జీవుల వల్లనా, బెల్లం, పిండి స్థానిక జీవులకు ఆహారమైనందువల్లనా అన్నది వేరువేరుగా తేల్చవలసిన విషయం. సమర్థించేవారు, విమర్శించేవారు ఇద్దరూ ఈ ప్రశ్నను దాటవేస్తున్నారు. సూక్ష్మజీవ రహితం చేసిన జీవామృతాన్ని ఒక పోలిక మడిలో వేస్తే సమాధానానికి దారి దొరుకుతుంది.

ఆచరణకు కొన్ని సూచనలు

మొదటిది, స్థానిక రైజోబియం లెక్క. మట్టిని దశలవారీగా పలుచన చేసి, శుద్ధమైన ఇసుకలో పెంచిన మొలకలకు పోసి, ఏ పలుచన వరకు బుడిపెలు వచ్చాయో చూస్తే సంఖ్యను అంచనా వేయవచ్చు. దీనికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు; కొన్ని వారాల ఓపిక చాలు. స్నాతకోత్తర విద్యార్థులు మండలాల వారీగా ఈ లెక్క సేకరిస్తే, పప్పుజాతి పంటలకు ‘తప్పనిసరి’, ‘ఉపయోగపడవచ్చు’, ‘అవసరం తక్కువ’ అనే మూడు తరగతుల సిఫారసు సాధ్యమవుతుంది.

రెండవది, క్షేత్ర ప్రయోగాల రూపకల్పన. జీవన ఎరువు వేసిన మడి, వేయని మడి అన్న రెండే ఉంటే సరిపోదు. వేడితో కణాలను చంపిన ప్యాకెట్టు పట్టించిన మడి ఒకటి, తగినంత నత్రజని ఎరువు వేసిన మడి మరొకటి ఉండాలి. నత్రజని వేసిన మడిలో కూడా దిగుబడి పెరగకపోతే ఆ పొలంలో కొరత నత్రజనిది కాదు. అక్కడ రైజోబియం విఫలమైందనీ సఫలమైందనీ చెప్పడానికి వీలుండదు.

మూడవది, ఫలితం రాని ప్రయోగాల ప్రచురణ. తేడా రాలేదన్న నివేదిక బీరువాలో ఉండిపోతే, ఏ నేలలో ఏది పనిచేయదన్న జ్ఞానం కూడా అక్కడే ఉండిపోతుంది. నేల రకం, సేంద్రియ కర్బనం, గత పంట, స్థానిక రైజోబియం సంఖ్య వివరాలతో వెలువడిన ప్రతికూల ఫలితం విస్తరణ శాస్త్రవేత్తకు అనుకూల ఫలితంతో సమానంగా ఉపయోగపడుతుంది.

నాల్గవది, నేలకు ఆహారం. సేంద్రియ పదార్థం అందని నేలలో ఏ జీవి వేసినా ఆకలితో నిలవదు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట, పంట అవశేషాలు, పంట మార్పిడి గురించి చెప్పకుండా ప్యాకెట్టు గురించి మాత్రమే చెప్పే సలహా అసంపూర్ణం.

రైతుకు సరళమైన మాట కావాలి, ‘సందర్భాన్ని బట్టి’ అంటే వినరు అన్న అభ్యంతరం రావచ్చు. అయితే వంగడాలను మండలాల వారీగా సిఫారసు చేస్తున్నాం. భూసార పరీక్షను బట్టి ఎరువులు చెబుతున్నాం. రైతు వాటిని అర్థం చేసుకున్నాడు. ‘మీ పొలంలో సోయా ఇదే మొదటిసారి కనుక తప్పక పట్టించండి, వేరుశనగకు ఆ ఖర్చు పశువుల ఎరువుపై పెట్టండి’ అన్న మాట సంక్లిష్టమైనది కాదు. రైతు ఒక ఏడాది చూసి నిజమా కాదా తేల్చుకోగల మాట అది. అటువంటి మాట చెప్పడానికి కావలసిన లెక్కలను మండలాల వారీగా సమకూర్చడం విశ్వవిద్యాలయాల బాధ్యత.